ఇంపాలా వీ8కి స్టడ్ గర్డిల్: ఏళ్ల తరబడి వాడాక

మా పాత ఇంపాలాలో ఉన్నది షెవ్రొలే 350 ఇంజన్. సాలిడ్ క్యామ్ (వాల్వుల గ్యాప్ చేత్తో సర్దాల్సిన రకం), గట్టి వాల్వ్ స్ప్రింగులు వేయించాక ట్యాపెట్ సెట్టింగ్, అంటే వాల్వ్‌కీ రాకర్‌కీ మధ్య వదిలే సన్నని ఖాళీ, ఊరికే మారిపోతుంటే స్టడ్ గర్డిల్ పెట్టించాను. రాకర్ స్టడ్లన్నిటినీ కలిపి పట్టుకునే పట్టీ అది. భీమిలి రోడ్డు మీద, సింహాచలం ఘాట్ మీద ఏళ్లుగా తిప్పుతున్నాను. వస్తువు మంచిదే, కానీ అందరికీ అక్కర్లేదు.

ఈ ఇంజన్‌లో ఒక్కో రాకర్ ఆర్మ్‌కి (వాల్వ్‌ని నొక్కి తెరిచే చిన్న మీట) ఒక్కో స్టడ్, అంటే దాన్ని పట్టుకునే నిలువు బోల్టు. రాకర్ నిష్పత్తి 1.5, అంటే వాల్వ్ వైపు చేయి అవతలి దానికంటే ఒకటిన్నర రెట్లు పొడవు. తెరుచుకున్న వాల్వ్ దగ్గర స్ప్రింగ్ 400 పౌండ్లతో తోస్తే, అవతల పుష్‌రాడ్ (కింద క్యామ్ నుంచి పైకి తోసే కడ్డీ) 600తో తోయాలి. రెండూ కలిసి స్టడ్ మీద 1000 పౌండ్లు! ఆ దెబ్బకి స్టడ్ కాస్త వంగుతుంది, లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకునే ఎత్తు) తగ్గుతుంది, టైమింగ్ చెదురుతుంది. గర్డిల్ అంటే రెండు అల్యూమినియం పట్టీలు. హెడ్‌లోని ఎనిమిది స్టడ్ల పొడుగాటి నట్లను మధ్యన పెట్టి ఆలెన్ బోల్టులతో బిగించేస్తారు. ఎనిమిది వాల్వులూ ఒకేసారి తెరుచుకోవు కాబట్టి, ఖాళీగా ఉన్న స్టడ్లు బరువు మోసేదానికి దన్నుగా ఉంటాయి.

ఫలితం? ట్యాపెట్ గ్యాప్ ఇప్పుడు చాలాకాలం నిలుస్తోంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర టకటక తగ్గింది. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర మెల్లగా కదిలేటప్పుడు మాత్రం తేడా ఏమీ లేదు, ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అసలు విసుగు ట్యాపెట్ సెట్టింగ్‌తోనే. వేడి ఇంజన్ మీద 0.022 అంగుళాల ఫీలర్ గేజ్ (ఖాళీ కొలిచే సన్నని రేకు) కొంచెం పట్టుగా జారేలా పెట్టి, నట్టు లాక్ చేసి, గర్డిల్ బిగించి చూస్తే ఒకచోట గేజ్ దూరదు, ఇంకోచోట వదులు. "ఇదేంటి బాబూ, ఒకటి సర్దితే పక్కది జరుగుతోంది" అని ఆటోనగర్ మేస్త్రి తల పట్టుకున్నాడు. చివరికి ఆయనే దారి కనిపెట్టాడు: మధ్య బోల్టుల నుంచి చివరలకి, రెండు మూడు విడతలుగా బిగించి, అన్నీ మళ్లీ కొలవడం. వైజాగ్ మే నెల ఉక్కపోతలో ఈ పని పెట్టుకోకండి.

మామూలు ట్యాపెట్ కవర్ పట్టదు, ఎత్తైనది కొనాలి. కవర్ లోపలి రేకు గర్డిల్‌కి తగలకూడదు, ఎడమవైపు బ్రేక్ బూస్టర్‌తో ఖాళీ చూసుకోవాలి.

హెడ్లలో నొక్కి దింపిన పాత స్టడ్లుంటే ముందు వాటిని తీయించి, మర వేయించి 7/16 అంగుళాల స్క్రూ స్టడ్లు పెట్టించండి. ఊడొచ్చే స్టడ్‌ని గర్డిల్ ఆపలేదు. సెకండ్ హ్యాండ్ కొంటే మీ హెడ్‌కి స్టడ్ల దూరం సరిపోతుందో లేదో, పట్టీల గాడులు అరిగాయేమో చూసి మరీ డబ్బివ్వండి.