అపాచీ జెనా ఫుసెకి రివ్యూ: పద్యాల్ని గ్రాఫ్‌లో పెడితే వరస నిలబడుతుందా?

ఫుసెకి అంటే ఆర్‌డీఎఫ్ డేటాని దాచిపెట్టి, అడిగితే తీసి ఇచ్చే సర్వర్ ప్రోగ్రాం. ఆర్‌డీఎఫ్ అంటే సమాచారాన్ని ఒకదానికొకటి లింకులుగా రాసుకునే పద్ధతి. ముందే చెప్పేస్తాను, ఐదుకి నాలుగు స్టార్లు. తగ్గిన ఆ ఒక్క స్టారూ ఫుసెకి మీద కోపంతో కాదు, అది నడిచే ఆర్‌డీఎఫ్ పద్ధతి మీద.

మేం శ్రీకాకుళంలో కొంతమందిమి ఖాళీ దొరికినప్పుడల్లా జిల్లా శాసనాల పాఠాలు, ఇళ్ళల్లో అటకల మీదున్న పద్యాల నోటుబుక్కులు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాం. ఏ ఊరు, ఏ రాజు, ఏ దానం, ఎవరి పేరు ఇంకెక్కడ వచ్చింది ఇవన్నీ లింకులుగా కావాలంటే ఆర్‌డీఎఫ్ నిజంగా బాగుంటుంది, తెలుగు అక్షరాలకీ ఏ ఇబ్బందీ లేదు, పక్కన భాష ట్యాగ్ పెట్టుకుంటే తెలుగు పంక్తులు వేరుగా సంస్కృతం పంక్తులు వేరుగా లాగొచ్చు.

గానీ అసలు పాఠం ఎక్కించే దగ్గరకొచ్చేసరికి ఉంటుంది చూడండీ తమాషా. ఆర్‌డీఎఫ్‌లో గ్రాఫ్ అంటే ట్రిపుల్స్ సెట్టు, అంతే. ట్రిపుల్ అంటే 'ఇది, దీనికి ఈ సంబంధం, అది' అని మూడు ముక్కల్లో చెప్పే మాట. ముందు ఏది ఎక్కించాం తర్వాత ఏది ఎక్కించాం దానికి అక్కర్లేదు. 'ఈ పద్యానికి ఈ పాదం ఉంది' అని నాలుగుసార్లు చెప్తే నాలుగు పాదాలున్నాయని తెలుస్తుంది, మొదటిదేదో తెలీదు. కందం అయితే కొంత దొరికిపోతుంది, 1, 3 పాదాలు మూడేసి గణాలు, 2, 4 పాదాలు ఐదేసి గణాలు, పొట్టిదీ పొడుగుదీ తారుమారైతే కంటికే ఆనుతుంది. తేటగీతికి మరేటి చేస్తారు? నాలుగు పాదాలూ ఒకటే కొలత, ప్రాస నియమం లేదు, యతి చూస్తే పాదం లోపలే. మాట పాదం చివర విరక్కపోతే 24 రకాలుగా పేర్చినా ఛందస్సు సరిపోతుంది, అర్థం మాత్రం ఎటో పోతుంది. మేం ఇంతకుముందు డబ్బులు కట్టి వాడిన ఒక క్లౌడ్ సర్వీసులో (పేరెందుకులెండి) వాళ్ళ స్క్రీన్ మీద అన్నీ వరసగానే కనిపించేవి, ఎక్స్‌పోర్ట్ కొట్టి చూస్తే కలగాపులగం, అడిగితే డేటా అంతా ఉంది కదండీ అన్నారు. ఉంది, నిజమే.

పాటలకైతే ఇంకో గండం. సెట్టు కాబట్టి ఒకే ట్రిపుల్ రెండోసారి ఇస్తే మింగేస్తుంది. పల్లవి ప్రతి చరణం తర్వాత వచ్చే పాటని పంక్తి పాఠంతో నేరుగా ఎక్కిస్తే పల్లవి ఒక్కసారే మిగులుతుంది. అందుకని పల్లవి వచ్చిన ప్రతిచోటా దానికి వేరే నోడ్ (గ్రాఫ్‌లో ఒక బిందువు), దాని కింద పాఠం, దాని పక్కన నంబరు, ఇలగ కట్టుకోవాలి.

వరసకి ఆర్‌డీఎఫ్‌లో ఉన్న దారులు చూస్తే, సీక్వెన్స్ అని ఒకటుంది, ఒకటోది రెండోది అని నంబర్ల ప్రాపర్టీలతో, గానీ ఇక్కడితో అయిపోయింది అని చెప్పే గుర్తు అందులో లేదు. లిస్ట్ అయితే ఒక్కో మెట్టుకీ రెండు ట్రిపుల్స్, ఫస్ట్ అంటే ఇక్కడున్నది, రెస్ట్ అంటే మిగతాది, చివర నిల్. టర్టిల్ ఫైల్‌లో (ఆర్‌డీఎఫ్‌ని మామూలు టెక్స్ట్‌గా రాసుకునే ఫైల్) బ్రాకెట్లలో నాలుగు పాదాలూ పెడితే చాలు, ఆ మెట్లన్నీ అదే కడుతుంది. రాయడం సుఖం, అడగడమే కష్టం. ఆర్‌డీఎఫ్‌ని ప్రశ్నలడిగే భాష స్పార్కల్, 2013లో వచ్చిన దాని 1.1 వెర్షన్‌లో రెస్ట్ వెంట నడిచి సభ్యుల్ని తేవొచ్చు గానీ ఎన్నోదో చెప్పదు, మధ్యలో ఎన్ని మెట్లున్నాయో కౌంట్ పెట్టి మనమే రాబట్టుకోవాలి. ఫుసెకి ఇక్కడే మార్కులు కొట్టేసింది, దీన్లో లిస్ట్ ఇండెక్స్ అని సొంత సదుపాయం ఉంది, పాదమూ దాని స్థానమూ ఒక్క లైన్లో ఇచ్చేస్తుంది. కాకపోతే అది జెనా వాళ్ళ సొంతం, రేపు సర్వర్ మారిస్తే ఆ క్వెరీ నడవదు.

గ్రూప్ కాన్‌కాట్‌తో (ముక్కల్ని ఒకే పాఠంగా అతికించే స్పార్కల్ ఫంక్షన్) పద్యం మొత్తం ఒకేసారి అతికించేద్దాం అనుకునేవాళ్ళకి ఒక మాట, ఏ వరసలో అతకాలో స్టాండర్డ్ చెప్పలేదు, ఇవాళ బాగానే వచ్చిందని నమ్మకండి. పాదాలు విడివిడిగా, స్థానం నంబరు ప్రకారం వరసపెట్టమని ఆర్డర్ బై పెట్టి తెచ్చుకుని బయట అతికించుకోవడమే మేలు. ఆ నంబరు కూడా ఇంటీజర్‌గా ఎక్కించాలి, మామూలు టెక్స్ట్‌గా ఇస్తే 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది.

ఇన్ని తిప్పలుంటే ఎక్స్ఎమ్ఎల్‌లో (పాఠానికి ట్యాగులు తొడిగి చెట్టులా రాసుకునే పద్ధతి) పెట్టుకోవచ్చు కదా, వరస దానంతటదే ఉంటుంది అంటారు. పద్యాల పుస్తకానికైతే నేనూ అదే అంటాను. శాసనానికి కాదు. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం గుళ్ళో రాళ్ళ మీద చూడండి, చెక్కినవాడు రాయి అంచు వచ్చేసరికి మాట మధ్యలోనే ఆపేసి కిందకి దిగిపోతాడు. శ్లోకం ఉన్నచోట రాతి పంక్తులొక వరస, శ్లోకపాదాలొక వరస, రెండూ ఒకదాన్నొకటి కోసుకుంటాయి. ఎక్స్ఎమ్ఎల్ చెట్టులో ఒక కొమ్మ ఇంకో కొమ్మని అలగ కొయ్యలేదు, ఏదో ఒక వరసని గుర్తులు పెట్టి సర్దుకోవాలి. గ్రాఫ్‌లో అయితే ఒకే మాట నోడ్‌కి రాతి పంక్తిలో స్థానం ఒకటి, పాదంలో స్థానం ఒకటి ఇచ్చి ఊరుకుంటాం. రాతి పంక్తులకి ఎలాగూ నంబర్లుంటాయి కాబట్టి అక్కడ నంబరే పెట్టండి, పగిలిపోయిన పంక్తి నంబరు ఖాళీగా వదిలేయొచ్చు. లిస్ట్‌ని నాలుగు పాదాల పద్యానికి వాడండి, దానికి ఐదో పాదం రాదు కాబట్టి చివర నిల్ పడటం బాగుంటుంది.

ఇన్‌స్టాల్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు, జావా ఉంటే చాలు, బ్రౌజర్‌లో 3030 పోర్ట్. ఒకటి మాత్రం చూసుకోండి, కొత్త డేటాసెట్ తెరిచేటప్పుడు ఇన్-మెమరీ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది నొక్కితే సర్వర్ ఆగినప్పుడు ఎక్కించిందంతా పోతుంది, మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే కదా. పర్సిస్టెంట్ టీడీబీ2 (డేటాని డిస్క్ మీద దాచేది) నొక్కండి, ఒరిజినల్ టర్టిల్ ఫైళ్ళు విడిగా పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి.