ఏది మేలు: జాన్ స్నో కత్తి దూయడమా, జేమీ గోతిలోకి దూకడమా?

'గేమ్ ఆఫ్ థ్రోన్స్' టీవీ సిరీస్‌లో హీరో ఎలివేషన్ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది 2016 నాటి ఆరో సీజన్‌లోని తొమ్మిదో ఎపిసోడ్. గుర్రం కూలిపోయాక జాన్ స్నో ఒక్కడే నిలబడి, మీదికి దూసుకొస్తున్న రామ్సే బోల్టన్ అశ్వదళానికి ఎదురుగా కత్తి దూస్తాడు. రోమాలు నిక్కబొడుచుకుంటాయి, కాదనను. అయితే అతనెలాంటివాడో తెలిసేది అంతకు కాస్త ముందే. రామ్సే ఉచ్చు పన్నుతాడని చెల్లెలు శాన్సా ముందు రాత్రే హెచ్చరించింది. అయినా తమ్ముడు రికన్ బాణం తగిలి కళ్లముందే పడిపోగానే, వేసుకున్న ప్లాన్ గాలికొదిలి ఒంటరిగా శత్రువు మీదికి వెళ్లిపోతాడు. అతన్ని కాపాడటానికి సైన్యం మొత్తం కదలాల్సి వస్తుంది. ప్రేమ ఎక్కువ, నిగ్రహం తక్కువ. చివర్లో వేల్ ప్రాంతపు సైన్యం వచ్చి గెలిపించింది కాబట్టి మనకు కత్తి ఒక్కటే గుర్తుండిపోయింది.

జేమీ లానిస్టర్ సంగతి వేరు. మొదటి ఎపిసోడ్‌లోనే ఒక పసివాణ్ణి బురుజు కిటికీలోంచి తోసేసినవాడు. మూడో సీజన్‌లో బందీగా ఉండగా కుడిచెయ్యి పోయింది, విడుదల దొరికింది, ఇంటిదారి పట్టాడు. తనతో పాటే బందీ అయిన యోధురాలు బ్రియెన్‌ను మాత్రం హారెన్‌హాల్ కోటలో వదిలేశారు. ఆమె తండ్రి పంపుతానన్న సొమ్మును వాళ్లను బంధించిన లాక్ కాదన్నాడని దారిలో తెలుస్తుంది. కారణం జేమీయే: ఆమెను కాపాడటానికి వాళ్ల దీవి నిండా నీలాలున్నాయని గతంలో అబద్ధం చెప్పాడు. ముందుకే పోవచ్చు, అడిగేవాడు లేడు. వెనక్కి తిరుగుతాడు. వెళ్లి చూస్తే ఆమె చేతిలో చెక్క కత్తి, ఎదురుగా ఎలుగుబంటి. బేరం కుదరలేదు. ఆయుధం లేకుండా, ఒంటిచేత్తో గోతిలోకి దూకేస్తాడు.

ఆ సీజన్‌లోనే కాస్త ముందు, స్నానాల తొట్టెలో కూర్చుని తాను కాపలా కాయాల్సిన పిచ్చిరాజును ఎందుకు చంపాడో బ్రియెన్‌కు చెబుతాడు. చాలామంది దాన్నే గొప్ప సీన్ అంటారు. నటన అద్భుతమే. కానీ తన గురించి తాను చెప్పుకునేటప్పుడు ఎవరైనా మంచివాళ్లే కదా! ఆ మాటల్ని నాతో నమ్మించింది ఎలుగుబంటి గొయ్యే.

జాన్‌ను పెంచిన నెడ్ స్టార్క్‌ను కూడా చెప్పుకోవాలి. శిక్ష వేసినవాడే కత్తి ఎత్తాలని, పారిపోయి వచ్చిన సైనికుడి తల తానే నరుకుతాడు. అది అతని నియమం. కూతుళ్ల కోసం చెయ్యని ద్రోహాన్ని జనం ముందు ఒప్పుకున్నప్పుడు కదా ఆ నియమం వెనకున్న తండ్రి బయటపడ్డాడు!

కాబట్టి ఒళ్లు పులకరించాలంటే జాన్, మనిషి అర్థం కావాలంటే జేమీ. నా ఓటు జేమీకే. 2019లో వచ్చిన ఆఖరి సీజన్‌లో అతను మళ్లీ తన కవల సోదరి, ప్రేయసి కూడా అయిన సెర్సీ దగ్గరికి వెళ్లిపోయాడని, ఆ మార్పంతా బూడిదలో పోసిన పన్నీరని తిట్టినవాళ్లున్నారు. నాకలా అనిపించదు. పసివాణ్ణి తోసింది సెర్సీ కోసమే, తిరిగి వెళ్లిందీ ఆమె కోసమే. గోతిలోకి దూకింది మాత్రం ఆమె కోసం కాదు.