కాపీ రక్షణ ఉన్న ఆడియో సీడీలు, నా ప్లెక్స్‌టర్ ప్రీమియం: ఇరవై ఏళ్ల వాడకం తర్వాత

2005 సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ కారులో ఒక ఆడియో సీడీ పెట్టాను. మ్యూనిక్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో షాపులో పూర్తి ధర ఇచ్చి కొన్నదది. ప్లేయర్ దాన్ని లోపలికి లాక్కుంది, కాసేపు తిప్పింది, బయటికి నెట్టేసింది. మళ్లీ పెట్టాను, మళ్లీ అంతే. సూర్యాపేట దగ్గర టీకి ఆగినప్పుడు కవరు తిప్పి చూస్తే వెనకాల జర్మన్‌లో సన్నటి అక్షరాలు కనిపించాయి: ఇది కాపీ రక్షణ ఉన్న డిస్కు అని. కాపీ చేసుకోనివ్వకపోతే సరే, డబ్బులిచ్చి కొన్నవాడు సొంత కారులో వినలేకపోవడం ఏమిటని ఆ రోజు చాలా బాధపడ్డాను.

ఇంట్లో అప్పటికే ప్లెక్స్‌టర్ ప్రీమియం సీడీ రైటర్ ఉంది. 2003లో వచ్చిన మోడల్. సీడీ 52 స్పీడులో రాస్తుంది, రీరైటబుల్ డిస్కు అయితే 32లో రాస్తుంది. డీవీడీ రాయడం మాట అటుంచి, చదవను కూడా చదవదు. అందరూ డీవీడీ రైటర్లు కొంటున్న కాలంలో సీడీల కోసమే చేసిన డ్రైవ్ ఇది. పండగ నుంచి తిరిగొచ్చాక నా దగ్గరున్న రక్షిత డిస్కులన్నీ బయటికి తీశాను. మొత్తం 11 తేలాయి. ఏ డిస్కు, ఏ సెట్టింగు, ఎంతసేపు పట్టింది అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆ పుస్తకం ముందు పెట్టుకునే రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఇలాంటి డిస్కులకు రైటర్ ఎంత వేగంగా రాస్తుందన్నది అసలు లెక్కలోకే రాదు. ఎలా చదువుతుందన్నదే ముఖ్యం.

ఎందుకంటే, 1980లో ఫిలిప్స్, సోనీ కలిసి ఖాయం చేసిన ఆడియో సీడీ ప్రమాణంలో పాటకు తాళం వేసే ఏర్పాటే లేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పుట్టుకొచ్చిన డిస్కు మీది రక్షణలన్నీ ఆ ప్రమాణాన్ని కావాలని తప్పి పనిచేసేవే. అలాంటి వాటి మీద సీడీ లోగో వేయకూడదని ఫిలిప్స్ సంస్థే అభ్యంతరం చెప్పింది. జర్మనీ కంప్యూటర్ పత్రిక త్సేటే వీటిని 'ఉన్-సీడీ' అని పిలిచేది. సీడీ కానిది అని అర్థం. నాకు ఆ పేరే సరైనదనిపిస్తుంది.

నా 11 డిస్కుల్లో ఏడు మొదటి రకం. ఆడియో ప్లేయరు డిస్కు మొదట్లో ఉండే ట్రాకుల పట్టిక చదివి, దాని ప్రకారం పాడేస్తుంది. కంప్యూటర్ డ్రైవ్ అలా కాదు, డిస్కు మీద రెండో సెషన్ (మొదటి భాగం తర్వాత విడిగా రాసిన మరో భాగం) ఉంటే దాని పట్టికనే నమ్ముతుంది. ఈ తేడా పట్టుకుని, పాటల తర్వాత తప్పుడు పట్టికతో రెండో సెషన్ ఒకటి పెడతారు. డ్రైవ్ వెళ్లి అందులో ఇరుక్కుంటుంది. సోనీ డీఏడీసీ వాళ్ల కీటూఆడియో ఇలా రెండో సెషన్ మీద ఆధారపడిన పద్ధతే. చాలా కార్ ప్లేయర్లలో ఉండేది కూడా కంప్యూటర్ డ్రైవ్ లాంటి యంత్రాంగమే కాబట్టి అవీ తికమక పడతాయి. విజయవాడ దారిలో నాకు జరిగింది ఇదేనన్నమాట.

ప్లెక్స్‌టర్‌తో ఇచ్చే ప్లెక్స్‌టూల్స్ ప్రోగ్రాములో 'సింగిల్ సెషన్' అని ఒక ఆప్షన్ ఉంది. దానికి టిక్ పెడితే డ్రైవ్ మొదటి సెషన్ తప్ప మరేదీ చూడదు. అంతే, ఏడు డిస్కులూ మామూలు సీడీల్లా తెరుచుకున్నాయి. పాటలు ఒక్క తప్పు లేకుండా వచ్చాయి, ఒక్కో డిస్కుకు పది నిమిషాలు కూడా పట్టలేదు. పోల్చి చూద్దామని అందులో ఒకటి ఇంట్లో ఉన్న మరో కంపెనీ డీవీడీ రైటర్‌లో పెట్టాను. అది అయిదు నిమిషాలు గిర్రున తిరిగి విండోస్‌ను కదలకుండా చేసింది. చివరికి ట్రే చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి డిస్కు బయటికి తీయాల్సి వచ్చింది. 2002లో ఆపిల్ కంప్యూటర్లలో ఇలాంటి డిస్కులు ఇరుక్కుపోతే ఆ సంస్థ ప్రత్యేకంగా హెచ్చరిక ప్రచురించింది. కాబట్టి పాత డిస్కులేవో తెలియకపోతే, ట్రే తెరవడం కష్టమైన లాప్‌టాప్‌లో వాటిని పెట్టకండి.

ఆ రోజుల్లో డిస్కు అంచున మార్కర్ పెన్నుతో గీత గీస్తే రెండో సెషన్ మూసుకుపోతుందని అందరూ చెప్పుకునేవాళ్లు. నిజంగా పనిచేసేదే. కానీ చెయ్యి కొంచెం లోపలికి జరిగితే చివరి పాట పోతుంది. సెట్టింగు ఉన్న డ్రైవ్ చేతిలో ఉండగా డిస్కును ఖరాబు చేసుకోవడం అనవసరం.

అసలు పరీక్ష రెండో రకం. నా దగ్గర మూడున్నాయి. వీటిలో పట్టిక గొడవతో పాటు పాటల్లోనే అక్కడక్కడా సరిదిద్దలేని తప్పులు కావాలని చొప్పిస్తారు. ఇజ్రాయెల్ సంస్థ మిడ్‌బార్ తెచ్చిన కాక్టస్ డేటా షీల్డ్ ఈ బాపతుది. మామూలు ప్లేయరు తప్పు తగిలినచోట ముందు వెనకల విలువలు చూసి మధ్యలోది ఊహించి పూడ్చేస్తుంది, చెవికి తెలియదు. కంప్యూటర్‌లో పాట తీస్తున్నప్పుడు మాత్రం టిక్కు టిక్కుమనే చప్పుళ్లు పడతాయి.

ఇక్కడ సీడీలోంచి పాటలను కంప్యూటర్‌లోకి తీసే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ ప్రోగ్రామును సెక్యూర్ మోడ్‌లో వాడాను. అది ప్రతి సెక్టారునూ (డిస్కు మీద సమాచారపు చిన్న ముక్కను) కనీసం రెండుసార్లు చదువుతుంది, తేడా వస్తే వదలకుండా 82 సార్ల దాకా చదువుతుంది. ఒక సెకను పాటలో 75 సెక్టార్లు ఉంటాయి, కాబట్టి ఎంత ఓపిక కావాలో ఊహించుకోవచ్చు. ఒక డిస్కు రాత్రి భోజనం చేసి మొదలుపెడితే తెల్లవారి పాలవాడు వచ్చేసరికి అయింది. అయినా డ్రైవ్ ఎక్కడా బిగుసుకుపోలేదు. తప్పు ఉన్నచోట ఉందని చెప్పింది, చదివినప్పుడల్లా ఒకే జవాబు ఇచ్చింది. నేను దీన్ని ఇష్టపడటానికి పెద్ద కారణం ఈ నిజాయితీ. రెండు డిస్కులు శుభ్రంగా వచ్చాయి. మూడోదాంట్లో ఏడో పాట దగ్గర ఆగిపోయాను.

11వ డిస్కు అమెరికా నుంచి మా బావ తెచ్చింది. దాని రక్షణ అంతా విండోస్‌లో తనంతట తాను ఎక్కే (ఆటోరన్) సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని డిస్కు పెడితే చాలు, ఇందులో డ్రైవ్ గొప్పేమీ లేదు. కానీ 2005 అక్టోబరులో విండోస్ నిపుణుడు మార్క్ రస్సినోవిచ్ సోనీ బీఎంజీ డిస్కుల్లోని ఎక్స్‌సీపీ అనే రక్షణ సాఫ్ట్‌వేర్, కంప్యూటర్‌లో రూట్‌కిట్‌లా (తన ఉనికి కనపడకుండా చేసుకునే ప్రోగ్రాములా) దాక్కుంటోందని బయటపెట్టాక, ఆ తరహా డిస్కు ఏదైనా సరే ఆటోరన్ ఆపకుండా పెట్టడానికి నాకు చెయ్యి రాదు.

రాయడం గురించి క్లుప్తంగా. వేరిరెక్ అనే సదుపాయంలో 4 స్పీడులో లేజర్ బలాన్ని కొంచెం అటూ ఇటూ మార్చి రాయొచ్చు. నేను జపాన్ కంపెనీ తైయో యూడెన్ ఖాళీ డిస్కులు వాడాను. రాసింది ఎలా ఉందో ప్లెక్స్‌టూల్స్‌లోనే సీ1 (చిన్న తప్పులు), సీ2 (అంతకన్నా పెద్దవి) తప్పుల గ్రాఫ్‌గా చూసుకోవచ్చు. ఒరిజినల్ రక్షిత డిస్కు స్కాన్ చేస్తే గ్రాఫ్ నిండా సరిదిద్దలేని తప్పులు నిట్టనిలువుగా లేచాయి. దాని కాపీలో సీ2 సున్నా. ఆ గ్రాఫులు రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. తప్పులు సరిచేసే శక్తి సీడీకి ఇచ్చింది గీతలు పడినా పాట బతకడానికి. ఆ శక్తిని రక్షణ పేరుతో ముందే ఖర్చు చేసేశారు. ఇక చిన్న గీత పడ్డా ఒరిజినల్ తట్టుకోలేదు. నా దగ్గరున్న రెండు అలాగే మూగబోయాయి, వాటి కాపీలే కారులో పాడుతున్నాయి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. జర్మనీలో 2003 సెప్టెంబరు నుంచి రక్షణ దాటడం నిషేధం, అందుకే అక్కడ ఉన్నన్నాళ్లూ ఈ పని జోలికి పోలేదు. మన దగ్గర 2012 సవరణతో కాపీరైట్ చట్టంలోకి 65ఏ సెక్షన్ వచ్చింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ దాటితే రెండేళ్ల దాకా జైలు. నేను కొన్న డిస్కు, నా ఇంట్లో, నా చెవులకు. ఎవరికీ ఒక్క కాపీ ఇవ్వలేదు, అడిగినా ఇవ్వను.

ఇప్పుడు కొనాలంటే సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది. ఇది పాత కంప్యూటర్లలో ఉండే ఐడీఈ కేబుల్‌తో కలిపే డ్రైవ్, ప్లెక్స్‌టూల్స్ విండోస్‌కే. అందుకే దీని కోసం ఎక్స్‌పీ ఉన్న పాత డెస్క్‌టాప్ ఒకటి పారేయకుండా ఉంచాను. మన దుమ్ముకు లెన్స్ మసకబారకుండా గుడ్డ కప్పి ఉంచడం తప్పనిసరి. పెద్దగా వేగం ఉన్నప్పుడు చప్పుడు చేస్తుంది, సైలెంట్ మోడ్‌లో తగ్గించుకోవచ్చు.

ఆ మూడో డిస్కు ఏడో పాటలో రెండు సెకన్ల ముక్క నాకు ఇంకా రాలేదు. ఏడాదికోసారి మళ్లీ పెట్టి చూస్తూనే ఉన్నాను. మ్యూనిక్‌లో ఉన్న స్నేహితుడు అదే డిస్కు పాత సరుకుల సంతలో దొరికిందని పోయిన వారం ఫోన్ చేశాడు. వచ్చే నెల వస్తూ తెస్తానన్నాడు. డెస్క్‌టాప్ ఒకసారి ఆన్ చేసి చూసుకున్నాను, డ్రైవ్ లైటు వెలుగుతోంది.