ఇరవై వేల సీసా, ఆరు వందల నూనె

టామ్ ఫోర్డ్ బ్రాండ్ పెర్ఫ్యూమ్ ఊద్ వుడ్ 2007లో వచ్చింది. 50 మి.లీ. సీసా ఇక్కడ కొంటే ఇరవై వేలు దాటుతుంది. నా దగ్గరున్నది మా బావ దుబాయ్ నుంచి తెచ్చాడు, ఆ బిల్లు ఆయన ఖాతాలోదే. దాని నకలు మాత్రం నా జేబులోంచే: హైదరాబాద్ పత్తర్‌గట్టిలో ఒక అత్తరు దుకాణం, తోలా (దాదాపు 12 మి.లీ.) సీసా ఆరు వందలు. అక్కడ పెద్ద బ్రాండ్ల పేర్లేవి చెప్పినా నూనె రూపంలో తీసి ముంజేతికి రాస్తారు.

ఎడమ చేతికి అసలుది, కుడి చేతికి నకలు వేసుకుని సిటీ సివిల్ కోర్టుకెళ్లాను.

మొదటి అరగంట పోటీయే లేదు. అసలుదాంట్లో ముందు యాలకులు, మిరియం లాంటి చిన్న ఘాటు, వెంటనే ఎండిన చెక్క. ఒకదాన్నొకటి తొక్కకుండా వస్తాయి. నకలు యాలకుల జోలికే పోదు, తీపితో, కాస్త ప్లైవుడ్ షాపు వాసనతో మొదలవుతుంది. స్ప్రేలో ఆల్కహాల్ ఆవిరవుతూ పై వాసనల్ని గాల్లోకి లేపుతుంది. నూనెకు ఆ పని చేతకాదు, చర్మాన్ని పట్టుకుని కూర్చుంటుంది.

లంచ్ బ్రేక్‌కి లెక్క మారింది. రెండు చేతులకూ చందనం, వనిల్లా కలిసిన మెత్తని వాసనే మిగిలింది. మా జూనియర్‌ని చూడమంటే కుడి చెయ్యి పట్టుకుని “దుబాయ్‌ది ఇదే కదా సార్” అన్నాడు. సాయంత్రానికి అసలుది మణికట్టు ముక్కుకానిస్తేనే తెలుస్తోంది, నకలు ఇంకా గట్టిగానే ఉంది. తెల్ల చొక్కా కఫ్ మీద పచ్చటి మరక కూడా ఉంది, అది వేరే విషయం.

ఇక ఊద్ అంటారా, బూజు సోకిన అగరు చెట్టు చెక్కలో ఊరే బంక అది. దుకాణంలో పెద్దాయన అస్సాం ఊద్ ఒక చుక్క పెట్టి చూపించాడు. ముందు పశువుల కొట్టం, తర్వాత తోలు, చాలాసేపటికి తేనె. నా టామ్ ఫోర్డ్ వాసన చూసి, “బాగుంది వకీల్ సాబ్, ఇందులో ఊద్ ఏదీ?” అన్నాడు. నా ముక్కుకూ అది ఊద్‌కి స్నానం చేయించి సూటు తొడిగినట్టే ఉంటుంది. అలా ఉండటమే నాకిష్టం.

ఆ అరగంట కోసం ఇరవై వేలు నేనైతే పెట్టను. పెళ్లికి వెళ్లేముందు కొట్టుకోవడానికి బావ సీసా ఉంది. కోర్టుకి నూనె చాలు, రెండో తోలా తెచ్చేశాను. ఇప్పుడు కఫ్‌కి తగలకుండా మోచేతి మడతలో రాస్తున్నాను.