కొత్త భాష కట్టడం నేర్పే తరగతి: ధ్వనుల్లో దిట్ట, వ్యాకరణంలో అరకొర

నారాయణగూడ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక ట్యూషన్ సెంటర్ పై అంతస్తులో, కల్పిత భాషలను తయారుచేయడం నేర్పే తరగతి ఆదివారాల్లో నడుస్తోంది. మొత్తం నాలుగు ఆదివారాలు, మనిషికి 1,800 రూపాయల రుసుము. నిర్వాహకులు ప్రకటనలు వేసుకునేవారు కారు, తెలిసినవారి ద్వారానే విద్యార్థులను చేర్చుకుంటారు కనుక వారి పేరు ఇక్కడ రాయడం లేదు. నాతోపాటు కూర్చున్నవారిలో వీడియో గేములు తయారుచేసే ఉద్యోగులు, ఫాంటసీ నవల రాసుకుంటున్న ఒక గృహిణి, ఇంటర్ చదివే కుర్రవాళ్ళు ఉన్నారు. ఉద్యోగానికి పనికివచ్చే విద్య కాదని అందరికీ తెలిసే చేరారు.

హైదరాబాదులో ఈ అభిరుచి గురించి మాటెత్తితే ఎవరికైనా ముందు గుర్తుకు వచ్చేది కాలకేయులే కాబట్టి, తరగతి కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. 2015లో వచ్చిన బాహుబలి కోసం మదన్ కార్కీ సుమారు 750 మాటలతో, 40 వ్యాకరణ సూత్రాలతో కిలికి భాషను రూపొందించారు. అందులో ‘నేను’ అనడానికి మిన్, దాన్ని తిరగేస్తే ‘నువ్వు’ అనడానికి నిమ్. చిన్నప్పుడు మనం మాట్లాడుకున్న క భాషకూ దీనికీ ఉన్న తేడాను శిక్షకురాలు మొదటి పది నిమిషాల్లోనే తేల్చిచెప్పారు: క భాషలో ప్రతి అక్షరం ముందూ ‘క’ చేర్చినా లోపల ఉన్నది తెలుగే, దాని వ్యాకరణమూ తెలుగుదే, కిలికికి తన ధ్వనులూ తన సూత్రాలూ వేరుగా ఉన్నాయి. ఈ తేడాను ఇంత స్పష్టంగా చెప్పినవారే రెండో ఆదివారం దాన్ని పక్కన పెట్టడం నాకు ఆశ్చర్యం కలిగించింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మొదటి ఆదివారమంతా ధ్వనులదే, రుసుములో సగం అక్కడే గిట్టుబాటు అయిందని నా లెక్క. ప్రతి ఒక్కరికీ ప్రపంచ భాషల ధ్వనులకు గుర్తులున్న అంతర్జాతీయ ధ్వనిలిపి పట్టిక ఇచ్చి, తమ భాషకు కావలసిన హల్లుల చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టమంటారు. మనవాళ్ళు చేసే మొదటి పని తెలుగు వర్ణమాలను క నుంచి హ దాకా చుట్టేయడం. ఆమె ఏమీ అనకుండా సన్నటి కాగితపు ముక్కలు పంచి, వాటిని పెదవుల ముందు వేలాడదీసి ‘కలం’ అనీ, తర్వాత ‘ఖర్చు’ అనీ పలకమన్నారు. ఖ సరిగ్గా పలికితే ఊపిరి విసురుకు కాగితం ఎగరాలి. గదిలో సగం మంది కాగితాలు రెండుసార్లూ కదలలేదు. అచ్చ తెలుగు మాటల్లో మహాప్రాణాలు ఉండవని, అవి సంస్కృతం నుంచీ తర్వాత ఉర్దూ, హిందీల నుంచీ వచ్చిన మాటలతో మనకు అందాయని, రాతలో నిలిచినా చాలామంది నోట అల్పప్రాణాలుగానే వినబడతాయని ఆమె అప్పుడు వివరించారు. వర్ణమాలనూ నోటినీ ఒకటే అనుకొని వచ్చినవారికి ఇంతకంటే మంచి పాఠం ఉండదు.

ధ్వనులు చాలావరకు వరుసలుగా వస్తాయని, అయినా ప్రతి భాషలోనూ ఎక్కడో ఒక ఖాళీ ఉంటుందని చెప్పడానికి ఆమె ఎంచుకున్న ఉదాహరణలు బాగున్నాయి. అరబ్బీలో బ ఉంది, ప లేదు. హవాయి భాష ఎనిమిది హల్లులతోనే నడుస్తుంది. 2009లో వచ్చిన అవతార్ చిత్రానికి పాల్ ఫ్రోమర్ చేసిన నావి భాషలో బ, డ, గ లేవు, వాటికి బదులు గొంతు బిగించి ఒక్క విసురుతో పలికే ప, ట, క లు ఉన్నాయి. ఆ ధ్వనులను మా అందరి చేతా సాధన చేయించినప్పుడు కింది అంతస్తులోని ట్యూషన్ మాస్టారు ఏమిటా చప్పుడని పైకి వచ్చి చూసి వెళ్ళారు.

ఆ తర్వాత అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి ఎలా చేరవచ్చో నిర్ణయించుకోవాలి. బస్సు, కారు, రోడ్డు, పెన్ను అంటూ ఏ మాట వచ్చినా చివర అచ్చు చేర్చి కలుపుకునే తెలుగు పద్ధతిని చూపించి, ఇలాగే మన ఊరి పేరును మీ భాషలోకి తీసుకోండని అభ్యాసం ఇచ్చారు. హ, ద, బ లేకుండా, ప్రతి మాటా అచ్చుతోనే ముగియాలని సూత్రం పెట్టుకున్న ఒక కుర్రవాడి భాషలో హైదరాబాద్ ‘అయితరాపాతు’ అయింది. నవ్వు ఆగిన తర్వాత చూస్తే, ఆ ఒక్క మాటతో అతని భాషకు ఒక గొంతు వచ్చిందని అందరికీ అర్థమైంది.

రెండో ఆదివారం వ్యాకరణం. ఇక్కడ తరగతి జారిపోయింది. చేతికి ఇచ్చిన ముద్రిత ఫారంలో మొదటి గడి ఆర్టికల్స్, రెండోది ప్రిపోజిషన్స్, ఆ తర్వాత ‘టు బీ’ క్రియ, దాని కింద కాలాలు. ‘అతను డాక్టరు’ అని క్రియే లేకుండా వాక్యం ముగించే మనకు, విభక్తిని మాట వెనక తగిలించే మనకు, ఈ గడులు నింపడం అంటే ఇంగ్లిష్ వాక్యాన్ని ముందు పెట్టుకొని మాటకు మాట మార్చడమే. సాయంత్రానికి తయారైన భాషల్లో ఎక్కువ భాగం అవే. ఉండబట్టలేక నేను అడిగాను.

“మేడమ్, వినేవాళ్ళను కలుపుకుంటే మనము, కలుపుకోకపోతే మేము అంటాం కదా, ఆ తేడా నా భాషలో పెట్టుకోవచ్చా?”

“తప్పకుండా పెట్టుకోండి, చాలా మంచి ఆలోచన. ఫారంలో దానికి గడి లేదు, పక్కన మార్జిన్‌లో రాసుకోండి.”

ఆమెకు తెలియక కాదు. విరామంలో మాట్లాడినప్పుడు నాకంటే ఎక్కువ ఉదాహరణలు ఆమే చెప్పారు. లోపమంతా ఆ ఫారానిదే. స్టార్ ట్రెక్ చిత్రాల కోసం క్లింగాన్ భాషను రూపొందించిన మార్క్ ఓక్రాండ్ ప్రపంచంలో బహు అరుదైన వరుసను ఏరికోరి ఎంచుకొని కర్మను ముందు, క్రియను నడుమ, కర్తను చివర పెట్టారని ఉదయం చెప్పి, మధ్యాహ్నానికి విద్యార్థుల చేత ఇంగ్లిష్ వరుసను నింపించడం ఏం న్యాయం? పైగా అరుదైన సరుకు మన ఇంట్లోనే ఉంది. రాను, రావు, రాడు అన్నప్పుడు ‘కాదు’ అనే మాట వేరుగా లేకుండానే క్రియలో నిషేధం ఇమిడిపోతుంది. మనుషులను ఇద్దరు, ముగ్గురు అనీ వస్తువులను రెండు, మూడు అనీ లెక్కిస్తాం. ‘పాప వచ్చింది’, ‘బండి వచ్చింది’ అని ఏకవచనంలో స్త్రీనీ వస్తువునూ ఒకే క్రియారూపంతో కలిపి, బహువచనంలో ‘వచ్చారు’, ‘వచ్చాయి’ అని విడదీస్తాం. పక్కనే ఆదిలాబాద్ వైపు మాట్లాడే గోండీలో బహువచనంలో కూడా ఆ కలయిక అలాగే నిలుస్తుంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ‘కొండ’ అనే మరో ద్రావిడ భాషకు రాసిన వ్యాకరణం 1969లో ఈ ఊళ్ళోనే అచ్చయింది. అందులో నాలుగు పుటలు నకలు తీసి పంచితే ఆ ఫారం అవసరమే ఉండేది కాదు.

మూడో ఆదివారం పదాల తయారీతో తరగతి మళ్ళీ గాడిలో పడింది. వేర్వేరు దేశాలవారు మాట్లాడుకోవడానికి జామెన్‌హాఫ్ తయారుచేసి 1887లో ప్రచురించిన ఎస్పెరాంటో భాషలో ‘బోనా’ అంటే మంచి, ముందు ‘మాల్’ చేర్చి ‘మాల్‌బోనా’ అంటే చెడు. కిలికిలో మాటను తిరగేయడమూ ఇలాంటి పొదుపే అని పక్కపక్కన పెట్టి చూపించారు. మాయాబజార్‌లోని గిల్పం, గింబళి కూడా గాలిలోంచి పుట్టినవి కావని, పులి గిలి అన్నప్పుడు మనం వాడే సూత్రమే వాటిలో ఉందని ఆమె విప్పిచెప్పినప్పుడు, నవల రాసుకుంటున్న ఆవిడ అక్కడికక్కడే తన పదకోశంలో సగం కొట్టేసి కొత్తగా మొదలుపెట్టారు. లిపి తయారీకి కేటాయించిన చివరి ఆదివారం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఫాంట్ సాఫ్ట్‌వేర్ నేర్పడంతోనే సమయమంతా గడిచిపోయింది.

గది ఇరుకు, ఫ్యాన్లు సరిపోవు, కారు నిలిపే చోటు లేదు. మధ్యలో మానేస్తే రుసుము తిరిగి ఇవ్వరు. చేతికిచ్చే కాగితాలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, కానీ బోధన తెలుగులోనే సాగుతుంది, ఎంత అమాయకమైన ప్రశ్నకైనా ఓపికగా సమాధానం చెబుతారు. ధ్వనుల మీద ఆసక్తి ఉన్నవారు ఆలోచించకుండా చేరవచ్చు. వ్యాకరణం కోసం చేరేవారు మాత్రం రెండో ఆదివారానికి ఇంట్లో మాట్లాడుకునే తెలుగు వాక్యాలు ఒక పది రాసుకొని వెళ్ళి, ఫారం తెరవకముందే వాటితో మొదలుపెట్టమని మేడమ్‌ను అడగండి. అడిగితే ఆమె కాదనరు.