సెకండ్ హ్యాండ్ ఏటీవీ కొంటున్నారా? పైన అద్దంలో కనిపించే బ్రేక్ ఆయిల్‌ని నమ్మకండి

బెంగళూరు శివార్లలో ఒక అడ్వెంచర్ పార్కు మూసేస్తూ బళ్లు అమ్మేస్తుంటే, ఫిబ్రవరిలో ఒక 250 సీసీ ఏటీవీ (లావు టైర్లతో గుట్టల్లో తిరిగే నాలుగు చక్రాల బండి) కొన్నాను. మదనపల్లె దగ్గర గుట్టను ఆనుకుని మాకు మామిడి తోట ఉంది. పై మడులకి ఎరువు బస్తాలు చేర్చాలంటే ట్రాక్టర్ తిరగదు, బైకు నిలవదు. అందుకని లక్షా నలభై వేలు పెట్టాను.

"బ్రేక్ ఆయిల్ మొత్తం కొత్తది సార్, నాలుగు చక్రాలకీ ఎయిర్ తీయించాం" అన్నాడు అమ్మినాయన. హ్యాండిల్ మీద మాస్టర్ సిలిండర్‌కి (లీవర్ నొక్కితే ద్రవాన్ని కిందికి తోసే భాగం, ద్రవం నిల్వ ఉండే కప్పు దానికే ఉంటుంది) చిన్న గుండ్రటి అద్దం ఉంటుంది కదా, అందులోకి చూడమన్నాడు. లేత తేనె రంగులో శుభ్రంగా ఉంది. లీవర్ నొక్కితే రాయిలా ఉంది. ఇంకేం చూడాలో అప్పటికి నాకు తెలియదు. ఆ మాటలోనే అబద్ధం దొరుకుతుందని తర్వాత తెలిసింది. ఈ బండికి వెనక ఇరుసు ఒక్కటే, దాని మీద డిస్క్ ఒక్కటే. అంటే ఎయిర్ (బ్రేకు గొట్టాల్లో చిక్కిన గాలి) తీయాల్సినవి ముందు రెండు, వెనక ఒకటి, మొత్తం మూడే. నాలుగు చక్రాలకీ తీయించానన్నవాడు ఒక్కదానికీ తీయించలేదన్నమాట.

ఏప్రిల్ ఎండలో ఒకరోజు మధ్యాహ్నం, నేనూ మా బావమరిదీ బండి వెనక ఖాళీ డ్రమ్ములు కట్టుకుని పైనుంచి దిగుతున్నాం. దారి ఏటవాలు. ఆటోమేటిక్ గేర్ల బండి కాబట్టి దిగేటప్పుడు ఇంజిన్ పట్టు అంతంతమాత్రమే. కాలి బ్రేకు మీద పాదం అలాగే ఉంచి దిగుతున్నాను. రెండో మలుపులో పెడల్ మెత్తబడింది. మూడో మలుపులో పూర్తిగా కిందకి దిగిపోయింది, బండి మాత్రం ఆగలేదు. చేతి బ్రేకు పట్టాను. కాసేపు పనిచేసి అదీ స్పాంజిలా అయిపోయి హ్యాండిల్‌కి తగిలింది. ఇక చేసేదేం లేక పక్క గట్టుకి ఎక్కించేశాను. మావాడికి మోకాలు గీరుకుపోయింది, నాకు మణికట్టు బెణికింది. అంతటితో పోయింది.

అసలు టెన్షన్ అక్కడ మొదలు. గంట తర్వాత బండిని లేపి చూస్తే రెండు బ్రేకులూ మళ్లీ గట్టిగా ఉన్నాయి! ఊళ్లో మెకానిక్ నొక్కి చూసి "బాగానే ఉన్నాయి కదన్నా, నువ్వే భయపడి ఉంటావు" అన్నాడు. అమ్మినాయనకి ఫోన్ చేస్తే ఆయనా అదే పాట. ఇలాంటి బండి కొన్నవాళ్లు ఇది గుర్తుంచుకోండి. వేడెక్కినప్పుడు పోయి, చల్లారాక తిరిగొచ్చే బ్రేకు అంటే లోపల ద్రవం మరిగిందని లెక్క. బ్రేకు ద్రవాలకి డాట్ 3, డాట్ 4 అని ప్రమాణాలు ఉంటాయి. కొత్త డాట్ 4 ద్రవం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. కానీ అది గాలిలోని తేమని మెల్లగా పీల్చుకుంటుంది. మూత తీయకపోయినా రబ్బరు గొట్టాల గుండా తేమ చేరుతూనే ఉంటుంది. మూడున్నర శాతం పైచిలుకు నీరు చేరితే 155 డిగ్రీలకే మరిగినా ప్రమాణంలో తప్పు కాదు. డాట్ 3 అయితే ఆ లెక్క 205, 140. మరిగితే ఆవిరి పుడుతుంది. ద్రవాన్ని నొక్కితే ఆ ఒత్తిడి ప్యాడ్ల దాకా పోతుంది, ఆవిరిని నొక్కితే అది అణిగిపోతుందంతే. చల్లారగానే ఆవిరి మళ్లీ ద్రవం అవుతుంది, సాక్ష్యం మాయం. అందుకే షెడ్డులో నిలబెట్టి నొక్కి చూస్తే ఏమీ తేలదు.

మరి అద్దంలో అంత శుభ్రమైన ద్రవం ఎలా కనిపించింది? సిరంజితో పైన మాస్టర్ సిలిండర్ కప్పులోది లాగేసి కొత్తది పోస్తే చాలు, ఐదు నిమిషాల పని. కింద గొట్టాల్లో, కాలిపర్లలో (ప్యాడ్లతో డిస్కుని పట్టే భాగాలు) ఉన్న పాతది కదలదు. నేను ముందు చక్రం కాలిపర్ నిపుల్ (లోపలి ద్రవాన్ని, గాలిని బయటికి వదిలే చిన్న మర) విప్పితే కాఫీ డికాక్షన్ లాంటిది వచ్చింది. వెనక బ్రేకుకి కప్పు వేరే, సీటు కింద ప్లాస్టిక్ పలక వెనక దాక్కుని ఉంది. దాని మూత మీద మట్టి పెచ్చు కట్టి ఉంది. పార్కు పెట్టినప్పటి నుంచీ దాన్ని ఎవరూ విప్పలేదనే నా అనుమానం.

ఇక రెండో దెబ్బ. ఇది నా స్వయంకృతం కూడా. దగ్గర్లోని ఒక రిపేరు షాపులో "మొత్తం మార్చి ఎయిర్ తీసిపెట్టు" అని 1,800 ఇచ్చాను. పక్కన నిలబడలేదు. రెండు వారాలకి బ్రేకులు వదలడం మానేశాయి. బండి తోస్తే కదలదు, డిస్కులు కాలిపోతున్నాయి. కప్పు మూత తీస్తే దాని కింద ఉండే రబ్బరు పొర ఉబ్బిపోయి మడతలు పడి ఉంది, తిరిగి గాడిలో కూర్చోదు. ఆ షాపువాళ్లు ఎక్కువగా చేసేది ట్రాక్టర్లు. ట్రాక్టర్లలో ఆయిల్ బ్రేకులంటే బ్రేకు పళ్లేలు గేర్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి. మా బండికీ లూజు డబ్బాలోంచి ఏదో మామూలు ఆయిల్ పోశారు. తప్పు సగం మన మాటలోనే ఉంది. అందరం 'బ్రేక్ ఆయిల్' అంటాం గానీ డాట్ 3, డాట్ 4 ఆయిల్ కానే కాదు, గ్లైకాల్ రకం ద్రవం. లోపలి రబ్బరు సీళ్లు దానికి తగ్గట్టు చేసినవి. మామూలు ఆయిల్ తగిలితే ఉబ్బి బిగుసుకుంటాయి. ఎంత కడిగినా పాతరూపు రాదు. మాస్టర్ సిలిండర్ కిట్లు, మూడు కాలిపర్ల సీళ్లు, గొట్టాలు అన్నీ మార్చాల్సొచ్చింది. తొమ్మిది వేలు దాటింది, అదీ సామాను కోసం ఇరవై రోజులు ఎదురుచూశాక.

అనుమానంగా ఉంటే కప్పులోంచి రెండు చుక్కలు తీసి గాజు గ్లాసులో నీళ్లలో వేయండి. గ్లైకాల్ ద్రవం నీళ్లలో కలిసిపోతుంది. ఆయిల్ తెట్టులా పైన తేలుతుంది. నేను ఇది తర్వాత తెలుసుకున్నాను, ముందే తెలిస్తే తొమ్మిది వేలు మిగిలేవి.

కొనేటప్పుడు నా సలహా ఒక్కటే. మీ ఎదురుగా మూడు నిపుళ్లూ విప్పించి, పారదర్శకమైన ట్యూబు తగిలించి, లోపలిది బయటికి తీయించి చూడండి. చాలా బళ్లకి 8 నంబర్ పానా సరిపోతుంది. అమ్మేవాడు ఒప్పుకోకపోతే బండి వదిలేయండి. నిపుల్ తుప్పుపట్టి కదలకపోతే అదీ ఒక సమాధానమే, ఏళ్లుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదని. బలవంతంగా తిప్పితే విరుగుతుంది, అప్పుడు కాలిపర్ ఖర్చు.

చివరికి నేనూ మా తమ్ముడూ కలిసి మేమే చేసుకున్నాం. ఒకరు లీవర్ నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు నిపుల్ పావు చుట్టు తిప్పి, ద్రవం రాగానే బిగించాలి, ఆ తర్వాతే లీవర్ వదలాలి. ఈ వరస తప్పితే బయటి గాలి లోపలికి పోతుంది. పై కప్పు ఖాళీ అవకుండా చూసుకోవాలి, అయిందంటే మళ్లీ మొదటి నుంచీ. కొత్తది మూడింటికీ కలిపి అర లీటరు దాకా పట్టింది. ఏ రకం పోయాలో కప్పు మూత మీదే ఉంటుంది. డాట్ 5 మాత్రం సిలికాన్, మిగతావాటితో కలపకూడదు. డాట్ 5.1 పేరు దగ్గరగా ఉన్నా అది గ్లైకాలే. సీలు తెరిచి ఏడాదిగా మూల పడి ఉన్న సీసా వాడకండి. రంగు మీద పడితే పెయింటు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి. విషం కూడా, కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇంట్లో పెట్టకండి.

ముందు ఎడమ బ్రేకుకి ఎంత తీసినా బుడగలు తగ్గలేదు. అరపూట తల పట్టుకున్నాం. చివరికి చూస్తే నిపుల్ కాలిపర్‌కి కింది వైపు ఉంది! ఎవరో విప్పి, ఎడమదీ కుడిదీ తారుమారు చేసి బిగించారు. గాలి పైకే పోతుంది, నిపుల్ కింద ఉంటే ఎప్పటికీ బయటికి రాదు. మార్చి బిగించాక పది నొక్కులకే లీవర్ గట్టిపడింది.

ఆ పార్కు నుంచి నా బండితో పాటు ఇంకో ఐదు అమ్ముడుపోయాయి, మూడు ఎర్రవి, రెండు ఆకుపచ్చవి. రెండు చిత్తూరు వైపు వచ్చాయని విన్నాను. మీ దగ్గర ఉంటే ఏటవాలు దిగే ముందు సీటు కింద పలక ఒకసారి తీసి, వెనక కప్పు మూత చూడండి.