గిట్: ఏడేళ్ల వాడకం, ఒక 16-క్వామ్ పట్టిక

మోడెమ్ సాఫ్ట్‌వేర్ రాసే పనిలో, కోడ్‌లో చేసే మార్పుల చరిత్రను దాచే గిట్‌ను ఏడేళ్లుగా వాడుతున్నాను. లినక్స్ కెర్నెల్ కోసం 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ పనిముట్టును మొదట్లో నేను పాత ఫైళ్లు దాచుకునే బీరువాగానే చూశాను. నా అభిప్రాయం మార్చింది ఒక 16-క్వామ్ మ్యాపర్, అంటే బిట్లను పంపాల్సిన సంకేతాలుగా మార్చే కోడ్ ముక్క.

16-క్వామ్ అంటే అడ్డం, నిలువు అక్షాల మీద పరిచిన పదహారు చుక్కలతో బిట్లను పంపే పద్ధతి. అందులో నాలుగు బిట్లు కలిస్తే ఒక సింబల్, అంటే ఒక చుక్క. రెండు బిట్లు అడ్డం అక్షానికి, రెండు నిలువు అక్షానికి. ఏ బిట్లు ఏ చుక్క మీద కూర్చోవాలో చెప్పేది మ్యాపింగ్ పట్టిక. గ్రే కోడ్‌లో అక్షం మీది వరుస 00, 01, 11, 10. పక్కపక్క చుక్కల మధ్య తేడా ఒక్క బిట్టే కనుక, నాయిస్ వల్ల సింబల్ పక్కకు జారినా పోయేది ఒక్కటే. కానీ చూసేవారికి ఆ వరుస తప్పుగా అనిపిస్తుంది. ఎవరో మహానుభావుడు దాన్ని 00, 01, 10, 11గా ‘సరిచేశాడు’. పంపేవైపు, అందుకునేవైపు వాడేది అదే పట్టిక కావడంతో నాయిస్ లేని పరీక్షలన్నీ నెగ్గాయి. సింబల్ తప్పులూ పెరగలేదు. బిట్ తప్పులు మాత్రం దాదాపు మూడో వంతు పెరిగాయి. 01కీ 10కీ మధ్య రెండు బిట్లు మారతాయి కదా! మూడు సరిహద్దుల్లో కలిపి మూడు బిట్ల తేడా ఉండవలసింది నాలుగైంది.

రెండు రోజులు పాపం ఫిల్టర్‌నూ టైమింగ్ రికవరీనీ అనుమానించాను. చివరకు తప్పు ఏ మార్పుతో వచ్చిందో వెతికిపెట్టే గిట్ బైసెక్ట్‌ను ఆశ్రయించాను. మంచి కమిట్ (గిట్‌లో నమోదు చేసిన మార్పు) ఒకటి, చెడ్డ కమిట్ ఒకటి చూపిస్తే చాలు, నడిమి దాన్ని తీసి పరీక్షించమంటుంది. ప్రతిసారీ సగం కొట్టుకుపోతుంది. అరవై కమిట్లు ఆరు పరీక్షల్లో తేలిపోయాయి. దొరికిన కమిట్ సందేశం: ‘పట్టిక సర్దాను’. రాసింది నేనే, మూడు వారాల కిందట. ఇప్పుడు పట్టిక ముట్టుకుంటే దానికి విడిగా కమిట్ చేస్తాను, ఎందుకు మార్చానో కూడా రాస్తాను.

విసుగులూ ఉన్నాయి. రేడియో సాఫ్ట్‌వేర్ గ్నూ రేడియోలో బ్లాకులను గీతలతో కలిపి గీసే ఫ్లోగ్రాఫ్‌లో ఒక బ్లాకును ఊరికే పక్కకు జరిపినా, తేడాలు చూపే డిఫ్‌లో మార్పుగా కనిపిస్తుంది. చెక్అవుట్ ఆదేశం చేసే రెండు రకాల పనులతో కొత్తవారు తికమకపడేవారు, 2019లో ఆ పనులను విడదీస్తూ స్విచ్, రిస్టోర్ ఆదేశాలు వచ్చాక కొంత నయం. అన్నిటికంటే బాధ ఐక్యూ రికార్డింగులతో, అంటే రేడియో సంకేతాన్ని శాంపిళ్లుగా దాచిన ఫైళ్లతో. సెకనుకు పది లక్షల శాంపిళ్లు, ఒక్కోటి 8 బైట్లు అంటే నిమిషానికి 480 మెగాబైట్లు. ఒకసారి అలాంటి ఫైలును పొరపాటున కమిట్ చేసి, మర్నాడు తొలగించాను. ఫైలు పోయింది, చరిత్రలో దాని బరువు పోలేదు. కొత్తగా క్లోన్ చేసుకునే, అంటే చరిత్రతో సహా నకలు తెచ్చుకునే ప్రతివారూ దాన్ని మోయవలసిందే.

ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒక్కటీ ఆ 480 మెగాబైట్ల ఖాతాలో.